పెట్టెలో అమ్మిన మిట్టమధ్యాహ్నం: టానింగ్ యంత్రాలు, కమిలే చర్మం

చర్మానికి గోధుమ రంగు తెప్పించే టానింగ్ యంత్రాల నుంచి వెలువడే అతినీలలోహిత కిరణాలకు ఐరోపా దేశాలు ఒక గరిష్ఠ పరిమితి పెట్టుకున్నాయి. చర్మాన్ని ఎర్రబరచగల శక్తిని బట్టి లెక్కగడితే అది చదరపు మీటరుకు 0.3 వాట్లు. వాతావరణ శాఖలు ప్రకటించే అతినీలలోహిత (యూవీ) సూచికలోకి మార్చి చూస్తే ఆ పరిమితి 12 అవుతుంది. ఉష్ణమండలంలో మబ్బు లేని రోజున, సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నమోదయ్యే స్థాయి ఇది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదులోనో విజయవాడలోనో మధ్యాహ్నం పన్నెండింటికి తలమీద తువ్వాలు లేకుండా గడప దాటడానికి జనం జంకే ఎండ కూడా ఇంచుమించు ఈ స్థాయిదే. ఆ ఎండను గొట్టపు దీపాల్లో పుట్టించి, మనిషి పడుకునేంత పెట్టెలో అమర్చి, నిమిషాల లెక్కన అమ్మడమే టానింగ్ వ్యాపారం. ఇదంతా చట్టం అనుమతించిన మోతాదు సంగతి మాత్రమే. ఇంగ్లండులోని కేంద్రాల్లో యంత్రాలను కొలిచి 2013లో ప్రచురించిన సర్వేలో ప్రతి పదింటిలో దాదాపు తొమ్మిది ఆ పరిమితిని దాటినట్టు తేలింది.

ఈ వ్యాపారం నాలుగైదు దశాబ్దాలుగా ఒకే వాదన మీద నిలబడింది. బయటి ఎండకు అదుపు ఉండదు కాబట్టి చర్మం కమిలిపోతుందని, యంత్రం కొలిచిన మోతాదు ఇస్తుంది కాబట్టి కమలకుండానే రంగు వస్తుందని, ఒకసారి రంగు వచ్చాక అదే చర్మానికి కవచమవుతుందని ఆ వాదన. వినడానికి పొందికగానే ఉంటుంది. అయితే చర్మకణంలో జరిగే పనిని గమనిస్తే, కమలడానికీ రంగు తేలడానికీ మొదలు ఒక్కటేనని, మొదటిది లేకుండా రెండోది కావాలనుకోవడంలోనే పొరపాటు ఉందని తెలుస్తుంది.

ఎండకు చర్మం కమిలితే దాన్ని వేడి వల్ల కాలిన గాయంగానే చాలామంది లెక్కవేస్తారు. వేడికి కారణం పరారుణ కిరణాలు. చర్మాన్ని కమిలించేవి ప్రధానంగా 280 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల యూవీ-బీ కిరణాలు. వీటిని కన్ను చూడలేదు, చర్మం వేడిగా గుర్తించలేదు. అందుకే చల్లగాలి వీచే సముద్రతీరంలో, మంచు పరుచుకున్న కొండమీద, పల్చటి మబ్బు కమ్మిన రోజున హాయిగా ఉందనుకుంటూనే మనిషి కమిలిపోతాడు. తాజా మంచు తన మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే వాటి తీవ్రత సుమారు పదో వంతు పెరుగుతుంది. ఉష్ణోగ్రతను చూసి ఎండను అంచనా వేసే మన అలవాటుకు ఇవేవీ లొంగవు.

యూవీ-బీ కిరణం కణకేంద్రకంలోకి చేరినప్పుడు డీఎన్‌ఏలో పక్కపక్కనే ఉన్న రెండు థైమిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. నిచ్చెన మెట్లలా ఉండవలసిన వరుసలో అక్కడ ఒక మెలిక పడుతుంది. కణంలో ఉండే మరమ్మతు వ్యవస్థ ఆ ముక్కను కత్తిరించి, కొత్త ముక్క అల్లి పూడుస్తుంది. దెబ్బ మరీ ఎక్కువైతే పీ53 అనే ప్రొటీన్ ఆ కణం చావడానికి ఆదేశమిస్తుంది. కమిలిన నాలుగైదు రోజులకు పొరలు పొరలుగా ఊడివచ్చే చర్మం అలా మరమ్మతుకు లొంగక చనిపోయిన కణాల గుట్టే. ఎరుపు, మంట వెంటనే రావు. మూడు నుంచి ఆరు గంటల తర్వాత మొదలై, సగం రోజు నుంచి ఒక రోజు గడిచేసరికి తారస్థాయికి చేరతాయి. ఈ ఆలస్యమే మనిషిని మోసగిస్తుంది, ఎందుకంటే చర్మం మంటపుట్టి నీడకు చేరేసరికి మోతాదు ఎప్పుడో మించిపోయి ఉంటుంది.

ఇక రంగు తేలడం సంగతి. దెబ్బతిన్న డీఎన్‌ఏను గుర్తించి లేచే ఆ పీ53 ప్రొటీనే ఒక హార్మోను తయారీని ప్రేరేపిస్తుంది. ఆ హార్మోను మెలనోసైట్లనే రంగుకణాలను తట్టిలేపితే అవి మెలనిన్ తయారుచేసి పై కణాలకు పంచుతాయి. 2007లో వెల్లడైన ఈ గొలుసు టానింగ్ చర్చలో కీలకమైనది. చర్మానికి కొత్తగా గోధుమ రంగు వచ్చిందంటే డీఎన్‌ఏ దెబ్బతినడం అప్పటికే జరిగిపోయిందని అర్థం. మోతాదును ఎంత జాగ్రత్తగా కొలిచినా ఆ దెబ్బను తప్పించి రంగును మాత్రం పిలవడానికి వీలుండదు. అలా వచ్చిన రంగు ఇచ్చే రక్షణ కూడా, సన్‌స్క్రీన్ సీసాల మీద రాసే రక్షణ అంకె అయిన ఎస్‌పీఎఫ్‌లో చెబితే, 3 లేదా 4తో సమానం. పైగా యంత్రాల దీపాల్లో ఎక్కువ భాగం, యూవీ-బీ కన్నా పొడవైన తరంగదైర్ఘ్యం గల యూవీ-ఏ కిరణాలే. ఇవి ఉన్న మెలనిన్‌ను నల్లబరచి చెదరగొడతాయి తప్ప కొత్తగా పెద్దగా పుట్టించవు. కనుక చూపుకు నిగారింపు వచ్చినా రక్షణ ఆ మూడు నాలుగు కూడా దక్కదు. యూవీ-ఏ తగిలిన మెలనోసైట్లలో, దీపం ఆర్పేసిన తర్వాత చీకట్లో కూడా గంటల తరబడి డీఎన్‌ఏ దెబ్బతింటూనే ఉంటుందని యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2015లో చూపారు. ఈ ప్రతిచర్యలో మెలనిన్‌కే పాత్ర ఉండడం మెలనిన్ పూర్తిగా రక్షకుడేనన్న పాత నమ్మకానికి ఇబ్బందికరమైన విషయం.

రంగు పుట్టించే ఆ గొలుసులో మరో కొస కూడా ఉంది. హార్మోనుతో పాటే బీటా-ఎండార్ఫిన్ అనే, నల్లమందు తరహాలో హాయి కలిగించే పదార్థం విడుదలవుతుంది. 2014లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, రోజూ అతినీలలోహిత కాంతి తగిలిన ఎలుకలకు నల్లమందు ప్రభావాన్ని అడ్డుకునే మందు ఇస్తే వ్యసనపరులకు మత్తు ఆపినప్పుడు కనిపించే లక్షణాలే కనిపించాయి. టానింగ్ కేంద్రాలకు అలవాటుపడినవారు మానలేకపోవడాన్ని సౌందర్య వ్యామోహం కింద కొట్టిపారేయడం న్యాయం కాదు.

మరమ్మతు వ్యవస్థ విలువ ఎంతో తెలియాలంటే అది లేని మనుషులను చూడాలి. జీరోడెర్మా పిగ్మెంటోసం అనే జన్యువ్యాధి ఉన్న పిల్లల్లో ఆ కత్తిరింపు యంత్రాంగం పనిచేయదు. ఇరవై ఏళ్లలోపు వీరికి మెలనోమా (రంగుకణాల్లో పుట్టే ప్రమాదకరమైన క్యాన్సర్) కాని చర్మక్యాన్సర్లు వచ్చే అవకాశం సాధారణ పిల్లలతో పోలిస్తే సుమారు పదివేల రెట్లు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపభూయిష్ఠ జన్యువు సంక్రమిస్తేనే వచ్చే వ్యాధి కాబట్టి, మేనరికాలు ఎక్కువగా ఉన్న సమాజాల్లో దీని ప్రమాదం ఎక్కువ. పసిబిడ్డ కొద్దిపాటి ఎండకే తీవ్రంగా కమిలిపోతున్నా, రెండేళ్లు నిండకముందే ముఖం నిండా నల్లమచ్చలు వస్తున్నా దిష్టి తీసి ఊరుకోకుండా చర్మవైద్యులకు చూపించవలసింది అందుకే.

అతినీలలోహిత దీపాలు మొదట వైద్యంగానే మన్నన పొందాయి. చర్మక్షయకు కాంతి చికిత్స చేసినందుకు డెన్మార్కు వైద్యుడు నీల్స్ ఫిన్సెన్ 1903లో నోబెల్ బహుమతి అందుకున్నారు. దీపాలు అందాల అంగడికి చేరింది 1970లలో, జర్మనీకి చెందిన ఫ్రీడ్రిక్ వోల్ఫ్ రూపొందించిన యంత్రాలతో. ఆ తర్వాత ఆధారాలు మెల్లగా పోగుపడ్డాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధమైన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1992లో సూర్యకిరణాలను, 2009లో టానింగ్ యంత్రాలను మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైన మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న వర్గమిది. ఈ వర్గీకరణ ఆధారం ఎంత గట్టిదో చెబుతుంది కాని ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. సిగరెట్టూ టానింగూ సమానమని దీన్ని బట్టి ప్రచారం చేయడం సరికాదు. ప్రమాదం పరిమాణానికి వేరే లెక్కలున్నాయి. 35 ఏళ్లలోపు ఈ యంత్రాలను మొదలుపెట్టినవారికి మెలనోమా ముప్పు 75 శాతం ఎక్కువని 2006లో అంచనా వేశారు. 2012లో మరిన్ని అధ్యయనాలు కలిపి, తర్వాత సవరించిన లెక్కలో అది 59 శాతంగా తేలింది. అంకె తగ్గినా దిశ మారలేదు.

ఐస్‌లాండ్ అనుభవం ఇక్కడ చెప్పుకోదగ్గది. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండ మొహం చూడని ఆ చిన్న దేశంలో 1980లలో టానింగ్ కేంద్రాలు ఒక్కసారిగా పుట్టుకొచ్చాయి. 1990ల మధ్య నుంచి మహిళల్లో, ముఖ్యంగా యువతుల్లో మెలనోమా వేగంగా పెరిగింది. మామూలుగా మహిళలకు కాళ్ల మీద ఎక్కువగా వచ్చే ఈ క్యాన్సర్, అక్కడ దుస్తులు కప్పి ఉంచే వీపు, ఛాతీ భాగాల్లో పెరగడం పరిశోధకుల దృష్టిని ఆకర్షించింది. దక్షిణ ఐరోపాకు వెళ్లే సెలవు యాత్రల పాత్రను కొట్టివేయలేం గాని, టానింగ్ వాడకం తగ్గించాలన్న ప్రచారం సాగాక కేసులు తగ్గుముఖం పట్టడం కాకతాళీయం అనిపించదు.

చర్మక్యాన్సర్ భారం అందరికన్నా ఎక్కువగా మోస్తున్న ఆస్ట్రేలియాలో ఈ యంత్రాలు ఉండడమే ఒక వింత. ఎండ బయట ఉచితంగా దొరికే దేశంలో సోలారియంల పేరిట దాన్ని కొనుక్కున్నారు. 1981 నుంచే చొక్కా వేసుకో, క్రీము రాసుకో, టోపీ పెట్టుకో అన్న ప్రచారం ఇంటింటికీ చేరిన దేశమది. నిషేధానికి ముందు సోలారియంల వల్ల అక్కడ ఏటా 281 మంది మెలనోమా బారిన పడేవారని, 43 మంది మరణించేవారని ఒక అంచనా. 2007లో మెల్‌బోర్న్ యువతి క్లేర్ ఆలివర్, తాను వాడిన సోలారియంలే తన మెలనోమాకు కారణమని భావిస్తూ, తనకు మిగిలిన కొద్ది వారాలను వాటికి వ్యతిరేకంగా మాట్లాడటానికే వెచ్చించి, 26 ఏళ్ల వయసులో మరణించింది. మరుసటి ఏడాదే విక్టోరియా రాష్ట్రం 18 ఏళ్లలోపు వారికి, మరీ తెల్లని చర్మం వారికి ప్రవేశం నిషేధించింది. అంతటితో ఆగలేదు. 2015 ఆరంభానికి చాలా రాష్ట్రాలు, 2016లో పశ్చిమ ఆస్ట్రేలియా ఈ వ్యాపారాన్ని పూర్తిగా మూసివేశాయి. సంపూర్ణ నిషేధంలో మొదటి అడుగు మాత్రం బ్రెజిల్‌దే. అక్కడి ఆరోగ్య నియంత్రణ సంస్థ 2009లోనే ఆ పని చేసింది.

అమెరికా ఇంత దూరం రాలేదు. 2010లో టానింగ్ సేవలపై 10 శాతం పన్ను వేసింది, 2014లో 18 ఏళ్లలోపు వారు వాడరాదన్న హెచ్చరిక యంత్రాలపై తప్పనిసరి చేసింది, మిగిలింది రాష్ట్రాలకు వదిలేసింది. కొన్ని జిమ్ సంస్థల ఖరీదైన సభ్యత్వంలో టానింగ్ పడక ఉచిత సదుపాయంగా కలిసి వస్తుంది. అక్కడికి చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లిన తెలుగువారికి ఈ యంత్రం ఎదురయ్యేది ఎక్కువగా ఇలాగే; శీతకాలంలో విటమిన్ డి తగ్గిందని రక్తపరీక్షలో తేలినప్పుడు దీన్ని మందుగా భావించే ప్రమాదం కూడా ఉంది. ఆ భావన వెనుక పరిశ్రమ ప్రచారం ఉంది. టానింగ్ సురక్షితమని, ఆరోగ్యకరమని ప్రకటనలిచ్చిన వ్యాపారుల సంఘంపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2010లో చర్య తీసుకుంది. చర్మంలో విటమిన్ డి తయారయ్యేది యూవీ-బీ వల్ల. యంత్రాల్లో ఎక్కువగా ఉండేది యూవీ-ఏ. తక్కువ ఖర్చుతో బిళ్లల్లో దొరికే విటమిన్ కోసం క్యాన్సర్ కారకం కింద పడుకోవడంలో అర్థం లేదు.

విటమిన్ డి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. లేత ఎండలో నిలబడితే విటమిన్ డి వస్తుందన్నది మన ఇళ్లలో స్థిరపడిన మాట. సూర్యుడు ఏటవాలుగా ఉన్న వేళ యూవీ-బీ నేలకు చేరేది చాలా తక్కువ. తిరుపతిలో జరిగిన అధ్యయనాలు విటమిన్ డి బాగా తయారయ్యే వేళ పగలు పదకొండు నుంచి రెండు గంటల మధ్య అని చూపాయి. చర్మం కమిలే వేళా అదే కావడం ఇందులోని చిక్కు. అయితే విటమిన్ డికి కావలసింది కొద్ది నిమిషాలు. ఆ తర్వాత చర్మం అదనంగా తయారైన దాన్ని తనే విచ్ఛిన్నం చేస్తుంది కనుక గంటల తరబడి ఎండలో ఉన్నంత మాత్రాన లాభం పెరగదు.

తెల్లని చర్మం వారి లెక్కలను యథాతథంగా మనకు అన్వయించుకుని భయపడనవసరం లేదు. నల్లజాతీయుల పైచర్మం సుమారు 13 ఎస్‌పీఎఫ్‌తోనూ, శ్వేతజాతీయులది 3తోనూ సమానమైన రక్షణ ఇస్తాయని 1979లోనే కొలిచారు. భారతీయుల చర్మం ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3,25,000 మందికి మెలనోమా వస్తే, భారతదేశంలో అది లక్ష మందిలో ఒకరికి కూడా రాని అరుదైన వ్యాధి. వచ్చినా మనవాళ్లలో ఎక్కువగా అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద కనిపిస్తుంది. ఈ రకానికి ఎండతో సంబంధం దాదాపు లేదు. జమైకా గాయకుడు బాబ్ మార్లీని 1981లో బలిగొన్నది కాలివేలి గోరు కింద మొదలైన ఇలాంటి మెలనోమాయే. అరికాలి మీద పెరిగే నల్లమచ్చను ఆనెగానో ముల్లు గుచ్చుకున్న గుర్తుగానో భావించి నెలలు గడపడం మన దగ్గర అసలు ప్రమాదం. సన్‌స్క్రీన్ రాసుకోవడం దీనికి విరుగుడు కాదు.

కమలడం మాత్రం మన చర్మానికీ ఉంది. ఎరుపు కంటికి ఆనదు కాబట్టి లేదనుకుంటారు. చర్మం బిగుసుకుపోయి, తాకితే మంటపుట్టి, నాలుగు రోజులకు పొట్టు లేవడం అదే. ఆపైన ముఖం మీద మంగు ముదురుతుంది. ఎండ దెబ్బకు మనవాళ్లు మూల్యం చెల్లించేది ఎక్కువగా కళ్లతో. తెల్లగుడ్డు మీది నుంచి నల్లగుడ్డు వైపు కండలా పాకే టెరీజియం ఆరుబయట పనిచేసేవారిలో ఎక్కువని హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ ఆంధ్రప్రదేశ్‌లో జరిపిన అధ్యయనం గుర్తించింది. కంటిశుక్లాల్లోనూ అతినీలలోహిత కిరణాలకు పాత్ర ఉంది. వెల్డింగ్ పనివాళ్లకు రాత్రివేళ కళ్లలో ఇసుక పోసినట్టు వచ్చే మంట కూడా ఇదే కిరణాల పని. టానింగ్ పడకలో కళ్లద్దాలు లేకుండా పడుకున్నవారికి వచ్చేదీ అదే. రెప్పలు మూసుకుంటే చాలదు.

కొన్ని ముప్పులు మన ఇళ్లలోనే తయారవుతున్నాయి. ఎండకు కమిలిన నలుపు పోతుందని ముఖానికి నిమ్మరసం రాసుకుని బయటికి వెళ్లేవారున్నారు. నిమ్మకాయలో ఉండే ఫ్యూరోకౌమరిన్లు ఎండ తగిలితే చర్మాన్ని బొబ్బలెక్కిస్తాయి, మానాక నెలల తరబడి నల్లటి చారలు మిగులుతాయి. బొల్లికి వాడే బావంచాల్లో ఉన్న సొరాలెన్లూ ఈ కుటుంబానివే; చర్మవైద్యులు దీన్నే కొలిచిన మోతాదులో, కొలిచిన కాంతితో మందుగా వాడతారు, కొలత లేకుండా ఇంట్లో పూసుకుని ఎండలో కూర్చుంటే తీవ్రంగా కాలుతుంది. మొటిమలకూ కొన్ని జ్వరాలకూ ఇచ్చే డాక్సీసైక్లిన్, రక్తపోటుకు ఇచ్చే హైడ్రోక్లోరోథయాజైడ్ వంటి మందులు కూడా చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తాయి. తెల్లబడాలని దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీములు చర్మాన్ని పలచబరుస్తాయి. ఆ తర్వాత కొద్దిపాటి ఎండకే ముఖం మండిపోతుంది. 2018లో కేంద్రం వీటిని వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదన్న నిబంధనను బిగించినా అమ్మకం ఆగలేదు. తెల్లవాళ్లకు రంగు కావాలి, మనకు రంగు పోవాలి. రెండు కోరికలకూ చర్మమే బలి.

ఇష్టపడి ఎండలో పడుకునేవారి మాట అలా ఉంచితే, ఎండలోనే బతుకు ఉన్నవారి లెక్క వేరు. 2019లో పనివేళల్లో ఎండకు గురైన శ్రామికులు 160 కోట్ల మంది అని, మెలనోమా కాని చర్మక్యాన్సర్ మరణాల్లో దాదాపు మూడో వంతుకు ఆరుబయటి పనే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో ప్రకటించాయి. మన ఊళ్లలో ఈ ముప్పు అందరికన్నా ఎక్కువగా ఉన్నది పుట్టుకతోనే మెలనిన్ లేని ఆల్బినిజం ఉన్నవారికి. పొలం పనులకో ఉపాధి పనులకో వెళ్లక తప్పని వీరికి నిండు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ, నల్లకళ్లద్దాలు, సన్‌స్క్రీన్ నిత్యావసరాలు. వాటిని మందుల జాబితాలో చేర్చి ఇవ్వడం ప్రభుత్వాలకు పెద్ద భారం కూడా కాదు.

చర్మం కమిలినప్పుడు చేయవలసింది తక్కువ. చన్నీళ్ల గుడ్డ వేయడం, నీళ్లు ఎక్కువగా తాగడం, బొబ్బలను చిదపకుండా వదిలేయడం, మానేదాకా నీడలో ఉండడం. టూత్‌పేస్టు, మంచుగడ్డ, నిమ్మరసం పనికిరావు. బొబ్బలు విస్తారంగా లేచినా, జ్వరం, వాంతులు వచ్చినా ఆసుపత్రికి వెళ్లాలి. రాకుండా చూసుకోవడానికి అన్నిటికన్నా చవకైన కొలత మన నీడే: అది మన ఎత్తు కన్నా పొట్టిగా ఉన్నంతసేపూ కిరణాలు తీవ్రంగా ఉన్నట్టే. సన్‌స్క్రీన్ ఉపయోగం మీద అనుమానాలకు ఆస్ట్రేలియాలోని నాంబోర్ పట్టణం సమాధానమిచ్చింది. అక్కడ 1992 నుంచి 1996 దాకా 1,621 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టును రోజూ రాసుకోమని, రెండో జట్టును ఇష్టం వచ్చినట్టు వాడుకోమని చెప్పారు. తర్వాతి ఏళ్లలోనూ గమనిస్తే మొదటి జట్టులో 11 మందికి, రెండో జట్టులో 22 మందికి మెలనోమా వచ్చింది. కాకపోతే సీసా మీద రాసిన ఎస్‌పీఎఫ్ దక్కాలంటే చాలామంది రాసుకునే దానికి రెండు మూడు రెట్లు రాయాలి.

రంగు మీద మోజు చావని చోట వ్యాపారం దారి మార్చుకుంది. డైహైడ్రాక్సీ అసిటోన్ పూతలు చర్మం పైపొరలోని మృతకణాలకు రంగు వేస్తాయి. పీల్చకుండా, కళ్లలో పడకుండా వాడితే యంత్రం కన్నా నయమే, కాని ఎండ నుంచి రక్షణ ఇవ్వవు. మెలనోటాన్ కథ వేరు. రంగుకణాలను ప్రేరేపించే హార్మోనును పోలిన ఈ రసాయనాన్ని సూదిమందుగా, ముక్కులో కొట్టుకునే స్ప్రేగా సామాజిక మాధ్యమాల్లో అమ్ముతున్నారు. బ్రిటన్, ఆస్ట్రేలియాల ఔషధ నియంత్రణ సంస్థలు దీన్ని అనుమతించలేదు, వాడవద్దని హెచ్చరించాయి. వికారం, రక్తపోటులో మార్పులు, పుట్టుమచ్చలు నల్లబడి రూపు మారడం దీని ఫలితాలు. పుట్టుమచ్చ రూపు మారడమే మెలనోమాకూ తొలి గుర్తు కావడంతో, ఏది మందు వల్ల వచ్చిందో ఏది వ్యాధి వల్ల వచ్చిందో వైద్యుడు సైతం ముక్క కోసి పరీక్షిస్తే గాని చెప్పలేని స్థితి ఏర్పడుతోంది. ఆస్ట్రేలియా నిషేధం వ్యాపార కేంద్రాలకే పరిమితం. ఇళ్లలో సొంత యంత్రం వాడుకోవడాన్ని ఆ చట్టాలు అడ్డుకోవు, ముక్కు స్ప్రేలు తపాలాలో వస్తాయి.